టవర్ పోయిన ముప్ఫై ఏడు రోజులు

నవంబర్ 9, ఆదివారం

ఈ నోటుపుస్తకం చెల్లెలు నవీన కొనిచ్చింది. తన కూతురు అమ్ము ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎన్నిసార్లు దొడ్డికి పోయింది, అన్నీ రోజూ ఇందులో రాయాలట. అవన్నీ నా పిండి గిర్నీ గోడ మీద సుద్దముక్కతో రాస్తాను, అక్కడ చోటు చాలా ఉంది. ఈ పుస్తకంలో నా కష్టాలు రాసుకుంటాను. నవీన హిందీ మీడియంలో చదివింది, తెలుగు అక్షరం చదవలేదు. అమ్మకు ఏ అక్షరమూ రాదు. పదో తరగతి దాకా భద్రాచలం హాస్టల్లో ఉండి నేర్చుకున్న తెలుగు ఇన్నాళ్ళకు పనికొచ్చింది.

ముందుగా ఒక మాట. ఈ పని నేను అడిగి తీసుకున్నది కాదు. చెల్లెలికి నర్సు ఉద్యోగం వచ్చింది, సంతోషం. రాయ్‌పూర్‌లో నలభై ఐదు రోజుల ట్రైనింగ్, అక్కడి హాస్టల్లో పిల్లల్ని ఉంచుకోనివ్వరు. దాని మొగుడు బోరు లారీ వెంట ఒడిశాలో తిరుగుతున్నాడు. అమ్మ చూసుకుంటుందనుకున్నాం. అమ్మ సరిగ్గా నాలుగు రోజుల ముందు బోరింగు దగ్గర జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. ఇక మిగిలింది నేను. ముప్ఫై తొమ్మిదేళ్ళవాణ్ణి, పెళ్ళి కానివాణ్ణి, తోంగ్‌పాల్‌లో పెద్ద రోడ్డు మీద పిండి గిర్నీ నడుపుకునేవాణ్ణి. పదిహేడు నెలల పిల్లను పెంచమంటే నాకేం తెలుసు?

నవీన తెల్లవారగానే బస్సెక్కింది. పిల్ల నిద్రలో ఉండగానే వెళ్ళిపోయింది. చూస్తే ఏడుస్తుంది, చెప్పకుండా వెళ్ళిపొమ్మని సలహా ఇచ్చింది నేనే. మంచి సలహా.

పిల్ల లేచింది. ఏడ్చింది. ఇంకా ఏడుస్తూనే ఉంది. ఇక రాయలేను.

నవంబర్ 10

ఏడ్చింది.

నవంబర్ 11, మంగళవారం

అరటిపండు సగం తిన్నది, సగం నా చొక్కాకు పూసింది. గోడ మీద "ఒకటి" అని రాశాను.

అమ్మ మంచంలోంచి సలహాలిస్తోంది. "బిడ్డనెత్తుకునేటోడు బస్తానెత్తుకున్నట్టు ఎత్తుకుంటడా వీరేందరూ?" అంది. మరెట్లా ఎత్తుకోవాలి అన్నాను. చేత్తో చూపించబోయింది. కట్టు సంగతి గుర్తొచ్చి కెవ్వుమంది. ఆ కేక విని పిల్ల ఏడ్చింది. అప్పుడే నిద్రపోయింది పాపం, నేను రెండు గంటలు ఊపితే.

నవంబర్ 12, బుధవారం

గిర్నీ మూడు రోజులుగా మూసి ఉంది. జనం మూటలతో వచ్చి తిరిగిపోతున్నారు. ఇట్లా కాదని ఇవాళ తలుపులు తీశాను.

ఈ వైపు ఆడవాళ్ళు పిల్లను వీపుకు గుడ్డతో కట్టుకుని అడవికి పోతారు, సంతకు పోతారు, కోత కోస్తారు. రాగులు పట్టించుకోవడానికి వచ్చిన నలుగురు నా చంకలో పిల్లను చూసి ముందు నవ్వారు. నవ్వి నవ్వి అలసిపోయి, జాలిపడి, కట్టడం నేర్పుతామన్నారు. గుడ్డ కావాలన్నారు. నవీన పాత ఆకుపచ్చ చీర తెచ్చాను. ముడి భుజం మీద అని ఒకావిడ, కాదు రొమ్ము మీద అని ఇంకొకావిడ. ఇద్దరూ పోట్లాడుకున్నారు. నన్ను మధ్యలో నిలబెట్టి మూడు రకాలుగా కట్టి చూశారు. మగవాళ్ళకు నడుము ఉండదు కాబట్టి రెండు ముళ్ళు వేయాలని చివరికి తీర్మానించారు. నాకు నడుము ఉంది. వాళ్ళతో వాదించలేదు.

పిల్ల చీర అంచు నోట్లో పెట్టుకుని ఏడుపు ఆపింది. గిర్నీ ఆన్ చేశాను. అయిదు నిమిషాల్లో నిద్రపోయింది, నా వీపు మీద, అంత మోతలో! చీరలో వాళ్ళమ్మ వాసన ఉందని అమ్మ అంటుంది. నాకైతే కొబ్బరినూనె వాసన తప్ప ఏమీ రాలేదు. ఏదేమైనా ఈ ఉపాయం కనిపెట్టింది నేను.

నవంబర్ 14, శుక్రవారం

పదకొండింటికి కరెంటు పోయింది. గిర్నీ ఆగింది. వీపు మీద పిల్ల కదిలింది. ఇక నోరు తెరుస్తుంది అనగా, నాకేం తోచిందో తెలియదు, నేను నోటితో గిర్నీ మోత మొదలుపెట్టాను. గుర్ర్‌ర్‌ర్‌. పిల్ల సద్దుమణిగింది. ఆపితే కదులుతోంది, పెడితే పడుకుంటోంది. కరెంటు గంటన్నరకు వచ్చింది. గంటన్నర మోత పెట్టాను.

మధ్యలో బుధ్రి గోధుమలు తెచ్చింది. బుధ్రి మా పక్క వీధి అంగన్‌వాడీ కార్యకర్త. డబ్బా చేత్తో పట్టుకుని చాలాసేపు నన్నే చూస్తూ నిలబడింది.

"దాదా, గోధుమలు అందులో పోయాలా, నీ నోట్లో పోయాలా?" అంది.

ఆమె ఇక్కడి హల్బీ భాషలో అంటుంది, దాదా అంటే అన్న, మిగతాది నేను మన మాటలో రాసుకుంటున్నాను. నేను జవాబు చెప్పలేదు. చెబితే మోత ఆగిపోతుంది.

నవంబర్ 15

రోజూ సాయంత్రం ఏడింటికి నవీన వీడియో కాల్ చేస్తుంది. ఏడింటి దాకా పిల్ల బాగానే ఉంటుంది. ఫోన్లో నవీన ముఖం కనబడగానే నవ్వుతుంది, అద్దాన్ని నాకుతుంది. ఫోను వెనక్కి తిప్పి వాళ్ళమ్మ అక్కడ దాక్కుందేమోనని చూస్తుంది. అక్కడ నా బొటనవేలు ఉంటుంది. ఇక మొదలు. గంట ఏడుస్తుంది. నిన్న గంటా ఇరవై నిమిషాలు. ఇటు పిల్ల, అటు నవీన, మంచంలో అమ్మ. ముగ్గురు ఆడవాళ్ళు ఒక్కసారే ఏడుస్తుంటే మధ్యలో ఫోను పట్టుకుని నిలబడే మనిషి గురించి ఎవరూ ఆలోచించరు.

నవంబర్ 17, సోమవారం

మధ్యాహ్నం నుంచి టవర్ పోయింది. ఏడింటికి కాల్ రాలేదు. పిల్ల జావ తాగింది, నా ముక్కు పట్టుకుని ఆడుకుంది, ఎనిమిదింటికి పడుకుంది. ఒక్క చుక్క కన్నీరు లేదు.

ఇప్పుడు తెలిసింది. రోగం పిల్లలో లేదు, ఫోన్లో ఉంది.

నవంబర్ 18, మంగళవారం

టవర్ పొద్దున్నే వచ్చేసింది. ఏడింటికి ముందు నేను ఫోన్లో నెట్ ఆపేశాను. నవీన మామూలు కాల్ చేసింది.

"వీడియో పోతలేదేంది అన్నా?"

"టవర్ పోయింది. మాటలొస్తున్నయి గని నెట్ లేదు."

"అయితే అమ్ముతోని మాట్లాడిపియ్యి, దాని గొంతన్న వింట."

"పండుకున్నది."

అమ్ము అప్పుడు నా భుజాల మీద కూర్చుని నా చెవిలో వేలు పెడుతోంది. అబద్ధమే. కానీ పిల్ల మంచి కోసం. ఇక్కడ టవర్ పోయిందంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు. కలెక్టరు అడిగినా టవర్ పోయిందంటే సరే అనాల్సిందే.

నవంబర్ 21

టవర్ పోయింది.

నవంబర్ 22

టవర్.

నవంబర్ 25, మంగళవారం

ఇవాళ అమ్మును గిర్నీ కాటా మీద కూర్చోబెట్టాను. తొమ్మిది కిలోల నాలుగు వందలు. నవీన వెళ్ళినప్పటి కన్నా మూడు వందల గ్రాములు ఎక్కువ. కాటా అబద్ధం చెప్పదు. పిల్ల బాగా పెరుగుతోందని ఇంతకన్నా ఏం రుజువు కావాలి? ఎనిమిది రోజులుగా ఏడుపు లేదు. పక్కింటివాళ్ళు కూడా అడిగారు, ఏం మందు వేశావని.

ఇంకో సంగతి. ఇవాళ నన్ను చూసి "మామ" అంది. స్పష్టంగా అంది. గిర్నీ ఆపి మరీ విన్నాను. రాగుల కోసం ఎదురుచూస్తున్న వాళ్ళందరికీ చెప్పాను.

సాయంత్రం బుధ్రి కోడిపుంజును కూడా "మామ" అంది. పట్టించుకోలేదు.

నవంబర్ 30, ఆదివారం

అంగన్‌వాడీలో పిల్లల బరువు చూసే రోజు. సెలవైనా బుధ్రి తెరిచింది. అమ్మును తీసుకెళ్ళాను. పిల్ల నన్ను వదిలి తూకంలో కూర్చోనని నా మెడ పట్టుకుంది. నన్ను కూడా కలిపి తూచమన్నాను. తూకం విరుగుతుందంది బుధ్రి.

అక్కడ నవీన ఈడు అమ్మాయి ఎవరో నవీనదిలాంటి ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. మిగతా పిల్లలు అటు చూశారు, అమ్ము చూడలేదు. బుధ్రి అది గమనించింది.

"ఇది అమ్మను అడుగుతోందా దాదా?"

"లేదు. బంగారం. అస్సలు అడగదు."

"ఏడవడం లేదా?"

"పదమూడు రోజులుగా లేదు."

ఆమె ముఖం ఎందుకు అట్లా పెట్టిందో అర్థం కాలేదు. అందరి పిల్లలూ ఏడుస్తారు, నా పిల్ల ఏడవదు. కొంచెం కుళ్ళు అయి ఉంటుంది.

పైన "నా పిల్ల" అని రాశాను. చేతి తప్పు.

డిసెంబర్ 6

అమ్మ ఎవరితోనో ఆకుపచ్చ చీర ఉతికించింది! వాసన పోతుందని నేను గోల పెట్టాను. మధ్యాహ్నం భయపడుతూనే నా లుంగీతో కట్టుకున్నాను. పిల్ల హాయిగా పడుకుంది. అంటే నవీన వాసన అక్కర్లేదు, పిండి వాసన చాలు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, కానీ రోజంతా హుషారుగా ఉన్నాను.

డిసెంబర్ 13, శనివారం

టవర్ పోయింది. నవీన గొంతు బాగాలేదు, జలుబు చేసిందట.

"నన్నడుగుతుందా అన్నా?"

"అడుగుతది. ఎందుకడగదు?"

పెద్ద గిన్నెలో కూర్చుని నీళ్ళు కొడుతూ నవ్వుతోంది ఆ అడిగే పిల్ల.

డిసెంబర్ 23, మంగళవారం

రేపు నవీన వస్తుంది. హమ్మయ్య. ఇక గిర్నీ రోజంతా నడుపుకోవచ్చు, చొక్కా శుభ్రంగా ఉంటుంది, వీపు నొప్పి తగ్గుతుంది.

పొద్దున అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచాను. నిన్నటి చేపలు పడలేదనుకుంటాను. అమ్మకూ పిల్లకూ ఏమీ కాలేదు.

డిసెంబర్ 24, బుధవారం

నవీన వచ్చింది.

బస్సు దిగి సంచులు రోడ్డు మీదే పడేసి పరుగెత్తుకొచ్చింది. "అమ్మూ, నా బంగారమా" అంటూ రెండు చేతులూ చాచింది. అమ్ము ఒకసారి చూసింది. తల తిప్పి నా మెడలో ముఖం దాచుకుంది. నవీన నవ్వి, మళ్ళీ పిలిచి, చెయ్యి పట్టుకుంది. పిల్ల గట్టిగా అరిచి చెయ్యి లాక్కుంది. కొత్తవాళ్ళు ముట్టుకుంటే అరిచే అరుపు అది, నాకు తెలుసు.

"సిగ్గు వడ్తుంది," అన్నది అమ్మ.

నవీన సంచులు తెచ్చుకుని లోపలికి వెళ్ళింది. చాలాసేపు బయటికి రాలేదు.

నాకు కొంచెం గర్వంగా అనిపించింది.

పై వాక్యం కొట్టేయాలి.

డిసెంబర్ 26, శుక్రవారం

రాయ్‌పూర్ నుంచి వెలుగుతూ పాడే బొమ్మ తెచ్చింది. అమ్ము బొమ్మను తీసుకుంది, తెచ్చిన మనిషి దగ్గరికి పోలేదు. నవీన అన్నం కలిపితే నోరు మూసుకుంటుంది. అదే ముద్ద నేను పెడితే తింటుంది. నేను గిర్నీకి వెళ్తే గుమ్మంలో నిలబడి నేను వచ్చేదాకా చూస్తుందట. నవీన పక్కనే కూర్చుని ఉంటుందట.

సాయంత్రం నవీన అంది, "సుక్మాల జాయిన్ గాను అన్నా. కడుపున పుట్టిన బిడ్డే నన్ను మరిచిపోయె. ఇగ నాకు నౌకరీ ఎందుకు?"

సుక్మా ఆసుపత్రిలో జనవరి పన్నెండుకల్లా జాయిన్ కావాలి. కాకపోతే ఉద్యోగం పోతుంది. ఆరేళ్ళు చదివింది దానికోసం, కిరోసిన్ దీపం కింద కూడా చదివింది. అమ్మ అంది, "తొందరపడకు బిడ్డా". నేను లేచి కాటా తుడవడానికి గిర్నీకి పోయాను.

డిసెంబర్ 27

రేపు చెప్తాను.

డిసెంబర్ 28

చెప్పలేదు. ఇంట్లో చుట్టాలు ఉన్నారు. చుట్టాలు అంటే బుధ్రి కోడి వచ్చింది. రేపు.

డిసెంబర్ 29, సోమవారం

నవీన హిందీలో దరఖాస్తు రాసింది, ఉద్యోగం వద్దని. నువ్వే సుక్మా పోయి ఆఫీసులో ఇచ్చిరా అన్నా అని నా చేతిలో పెట్టింది. నేను బస్‌స్టాండుకు పోయాను. మూడు బస్సులు వచ్చాయి, మూడూ పోయాయి. ఇంటికొచ్చి, సీట్లు లేవన్నాను. మూడు బస్సులూ ఖాళీగానే ఉన్నాయి.

దారిలో అంగన్‌వాడీకి వెళ్ళాను. నా గురించి కాకుండా అడగాలని బాగా ఆలోచించి వెళ్ళాను.

"బుధ్రీ, నాకొక దోస్త్ ఉన్నాడు. వాడి దగ్గర ఒక చిన్నపిల్ల ఉంది. వాళ్ళమ్మ ఫోన్ చేస్తే పిల్ల ఏడుస్తోందని వాడు ఫోన్ ఇవ్వడం మానేశాడు. ఇప్పుడు పిల్ల తల్లి దగ్గరికి పోవడం లేదు. ఏం చేయాలి?"

"ఆ దోస్త్‌కు గిర్నీ ఉందా దాదా?"

"ఉంది."

ఉంది అనేశాను. అబద్ధం చెప్పేటప్పుడు ఒక్కోసారి నిజం దొర్లుతుంది.

బుధ్రి నవ్వలేదు. చీపురు పక్కన పెట్టి కూర్చుంది. "ఇన్నేళ్ళుగా పిల్లల్ని చూస్తున్నాను. అమ్మ పోతే ఏడ్చే పిల్ల గురించి నాకు భయం లేదు. అమ్మ వస్తుందనే నమ్మకం ఉంది కాబట్టి పిలుస్తుంది. పిలిచి పిలిచి ఏడుపు ఆపేసినదాని గురించే నాకు భయం. అది మరిచిపోవడం కాదు దాదా, ఆశ వదులుకోవడం. నీ దోస్త్ ఏడుపు ఆగిందని సంబరపడి ఉంటాడు."

"పడ్డాడు," అన్నాను.

కాటా మీద కూర్చోబెట్టి గ్రాములు చూసుకున్నాను నేను. పిల్ల లోపల ఏం తగ్గిందో ఆ కాటాకేం తెలుసు? నాకు సిగ్గేసింది. నేను పిల్ల ఏడుపు ఆపింది పిల్ల కోసం కాదు, నా కోసం. మొదట నా చెవుల కోసం, తర్వాత అది నాదే అనిపించడం కోసం. ఇది ఇక్కడ రాసేశాను కాబట్టి ఇక చెప్పక తప్పదు.

డిసెంబర్ 30, మంగళవారం

చెప్పాను.

నవీన రొట్టెలు ఒత్తుతోంది. ఆ సమయంలో చెప్పి ఉండకూడదు, చేతిలో కర్ర ఉంది.

"నవీనా, టవర్ మంచిగనే ఉండె."

"ఏ టవర్?"

"మన టవర్. ఒక్కరోజు పోయింది. తెల్లారి వచ్చింది. నేనే నెట్ బంద్ చేసిన."

మొదట అర్థం కాలేదు దానికి. అర్థమయ్యాక కర్ర విసరలేదు. విసిరితే బాగుండేది. నేల మీద కూలబడి, పిండి చేతులతోనే ముఖం కప్పుకుంది.

"ముప్ఫై ఏడు రోజులన్నా. రోజూ ఏడింటికి హాస్టల్ మేడ ఎక్కేదాన్ని. నెట్ నా దిక్కు లేదేమో, పైకి పోతే దొరుకుతదేమో అని. చలికి వణుక్కుంట ఎనిమిదింటి దాకా నిలవడేదాన్ని. నా బిడ్డ నన్ను మరిచిందంటే, నౌకరీకి పోయి తప్పు జేసిన అనుకున్న. నాకు నిద్ర వట్టలేదన్నా ఇన్ని రోజులు!"

"ఏడుస్తుందని..." అన్నాను.

"ఏడ్వనీ! నా కోసం కాకపోతే ఎవరి కోసం ఏడుస్తది?"

అమ్మ చేతికట్టు విప్పి వారం కూడా కాలేదు. ఆ చేత్తోనే నా వీపు మీద ఒక్కటిచ్చింది. మళ్ళీ తనే కెవ్వుమంది. అమ్ము మా ముగ్గురినీ చూసి చప్పట్లు కొట్టింది.

దరఖాస్తు నా జేబులోనే ఉంది. నవీన ఇవ్వమంది. ఇచ్చాను. పొయ్యిలో పెట్టింది.

డిసెంబర్ 31

నవీన నాతో మాట్లాడలేదు. అమ్మ మాట్లాడలేదు. అమ్ము మాట్లాడింది, అది కూడా కోడితో.

జనవరి 1, గురువారం

నవీన బుధ్రిని ఇంటికి పిలుచుకొచ్చింది. నన్ను కూడా కూర్చోబెట్టారు, పంచాయతీలో దొంగను కూర్చోబెట్టినట్టు. నేను బాగా ఆలోచించి ఒక ఉపాయం చెప్పాను. గీదంలో నా దోస్త్ ఒకడున్నాడు, వాడి దగ్గర పది రోజులు ఉండి వస్తాను, నేను కనబడకపోతే అమ్ము తల్లికి అలవాటు పడుతుంది.

"ఇంకో దోస్తా?" అంది బుధ్రి.

వీడు నిజమైన దోస్త్ అని ఎంత చెప్పినా నమ్మలేదు.

"అమ్మ ఒకసారి చెప్పకుండా మాయమైంది. ఇప్పుడు నువ్వూ మాయమైతే ఇక అది ఎవరినీ నమ్మదు. నువ్వు ఉండాలి దాదా. నీ మీదుగానే వాళ్ళమ్మ దగ్గరికి పోతుంది. నిన్ను పట్టుకున్న చెయ్యి ఇంకొకరినీ పట్టుకోగలదు, పిల్లలకు అంత జాగా ఉంటుంది. జాగా లేనిది పెద్దవాళ్ళకే."

చివరి మాట నన్ను చూసి అంది. బాగా అంది.

జనవరి 2, శుక్రవారం

ఇవాళ్టి నుంచి అన్నీ ఇద్దరం కలిసి చేస్తున్నాం. అన్నం నేను కలిపితే నవీన చెయ్యి నా చేతి మీద ఉంటుంది. ముద్ద ఎవరిదో పిల్లకు తెలియదు. స్నానం నవీన పోస్తుంది, నేను ఎదురుగా నిలబడి తడుస్తాను. నవీన ఇంకా నాతో మాట్లాడటం లేదు. "సబ్బు" అంటుంది, "తువ్వాలు" అంటుంది. అన్నా అనదు.

జనవరి 4, ఆదివారం

ఇవాళ సంత. నవీన వీపుకు అమ్మును కట్టాను. ఒకటే ముడి, నవీనకు నడుము ఉంది. పిల్లకు నేను కనబడాలి కాబట్టి వెనకాలే నడిచాను. పిల్ల ఏడవకుండా నడుస్తూ నోటితో గిర్నీ మోత పెట్టాను. సంత మొదటి నుంచి చివరిదాకా, ఎండుచేపల దగ్గర, కుండల దగ్గర, కోళ్ళ దగ్గర, ముందు నవీన, వెనక నేను గుర్ర్‌ర్‌ర్ అనుకుంటూ. జనం దారి ఇచ్చారు. ఒక ముసలాయన ఇది ఎక్కడి మొక్కు అని అడిగాడు.

టమాటాల దగ్గర నవీన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని ముందుకు వెళ్ళి చూశాను. నవ్వుతోంది. ఆపుకోలేక టమాటాల బుట్ట పట్టుకుని నవ్వుతోంది.

"నోరు నొయ్యలేదా అన్నా?" అంది.

అన్నా అంది!

జనవరి 7

మధ్యాహ్నం అమ్ము నవీన వీపు మీద పడుకుంది. నేను గిర్నీలో ఉన్నాను, పది అడుగుల దూరంలో. మేలుకున్నాక నన్ను వెతకలేదు. నవీన జడ పట్టుకుని ఊగింది. జడ ఊడేలా ఉన్నా నవీన కదలలేదు.

జనవరి 9, శుక్రవారం

అమ్ము వాకిట్లో పరుగెడుతూ బోర్లా పడింది. మోకాలు గీసుకుంది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను, నవీన అవతల బట్టలు ఆరేస్తోంది. నేను చేతులు చాచాను. పిల్ల లేచింది, ఏడుస్తూ నా పక్కనుంచి పోయి నవీన కాళ్ళను చుట్టుకుంది. "అమ్మా" అంది. రెండు నెలల తర్వాత అంది ఆ మాట.

నవీన తడి బట్టలతో సహా కింద కూర్చుని పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. ఇద్దరూ ఏడ్చారు. నేను చాచిన చేతులు ఏం చేయాలో తెలియక దండెం మీద బట్టలు ఆరేశాను.

కుళ్ళుకున్నాను. చాలా కుళ్ళుకున్నాను. సంతోషం కూడా వేసింది, కానీ ముందు వచ్చింది కుళ్ళు. వరసలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

జనవరి 11, ఆదివారం

సుక్మా ప్రయాణం. అక్కడ నవీన ఒక గది చూసుకుంది, డ్యూటీలో ఉన్నప్పుడు అమ్మ చూసుకుంటుంది. అమ్మ చెయ్యి ఇప్పుడు బాగానే ఉంది, నా వీపుకు తెలుసు.

పిల్ల నిద్రపోయాక వెళ్ళిపొమ్మని ఈసారి నేను చెప్పలేదు. మెలకువగా ఉండగానే ఎత్తుకుని బస్సు దాకా పోయాను. దారంతా చెప్పాను. "నువ్వు, అమ్మ, అమ్మమ్మ సుక్మా పోతున్రు. మామ ఈడ్నే ఉంటడు. మామ మళ్ళ వస్తడు." ఎంత అర్థమైందో తెలియదు. తల ఊపింది. కోడికీ అట్లాగే తల ఊపుతుంది.

నవీన ఒళ్ళో కూర్చుంది. కిటికీలోంచి నాకు టాటా చెప్పింది, నవ్వుతూ. నేను కూడా ఎక్కుతాననుకుంది. బస్సు కదిలింది. నేను ఎక్కలేదు. అది నన్ను చూసింది, తలుపు వైపు చూసింది, మళ్ళీ నన్ను చూసింది. అప్పుడు మొదలుపెట్టింది.

"మామా! మామా!"

డ్రైవరు హారన్ కొట్టినా వినపడింది. మలుపు తిరిగాక కూడా వినపడింది. మలుపు దాకా చూశాను, నవీన దాన్ని గుండెకు హత్తుకుని వీపు నిమురుతోంది, దాని నోరు మూయడం లేదు, ఏడవనిస్తోంది.

పాన్ కొట్టు అతను నన్ను చూశాడు. "పిల్ల అంత ఏడుస్తుంటే నవ్వుతావేంటి?" అన్నాడు. నవ్వుతున్నానని నాకు తెలియదు. ముఖం తుడుచుకుంటే తడిగా ఉంది. నా కోసం ఎవరూ ఇంత పెద్దగా ఏడవలేదు ఇప్పటిదాకా. నేను పోతే కూడా ఏడుస్తారో లేదో. ఇంటికొచ్చాను.

ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది. గిర్నీ కాసేపు ఊరికే తిప్పాను.

జనవరి 12, సోమవారం

నవీన జాయిన్ అయింది.

ఏడింటికి వీడియో కాల్. అమ్ము నన్ను చూసింది, నవ్వింది, ఫోను లాక్కుంది, తర్వాత గుక్కపట్టి ఏడ్చింది. నేను ధైర్యంగా ఉందామనుకున్నాను. అరనిమిషం ఉన్నాను.

"ఇద్దరికిద్దరు ఏడ్వవడ్తిరి," అంది నవీన. "ఫోన్ పెట్టేయనా అన్నా?"

"వద్దు," అన్నాను.